భోగి కుండ

గోదావరి పాయ ఒడ్డున ఒక ఊరు. ఊళ్లో రెండు వీధులు, తూర్పు వీధి, పడమటి వీధి. రెండూ కలిసేచోట రావిచెట్టు, దాని కింద రచ్చ. భోగి మంట ఎప్పుడూ ఆ రచ్చ ముందే వేసేవారు. ఊరంతటికీ ఒకటే మంట.

ధనుర్మాసం పెట్టగానే పిల్లలు పేడ కోసం ఆవుల వెంట పడేవారు. పేడని అరచేతిలో ఉండ చేసి, గడ్డి పరిచిన నేల మీద బిళ్లలుగా తట్టి, ఒక్కోదాని నడుమ వేలితో చిల్లు పొడిచేవారు. ఎండాక కొబ్బరితాడుకి గుచ్చి దండలు కట్టుకునేవారు. ఎవరి దండ పొడుగైతే వాళ్లది గొప్ప. పెద్దవాళ్లు విరిగిన మంచంకోళ్లు, పుచ్చిన దూలాలు, ఎండిన కొబ్బరిమట్టలు తెచ్చి పడేసేవారు.

ఆ ఊరికి ఇంకో ఆచారం కూడా ఉంది. మంట తగ్గి నిప్పులు మిగిలాక మూడు రాళ్లు పెట్టి వాటి మీద కొత్త కుండ ఎక్కించేవారు. కొత్త బియ్యం, ఊళ్లో పాలు, కొత్త బెల్లం. ఆ పరమాన్నం ముందు ఆ ఏడు అన్నప్రాశన అయిన పిల్లలందరికీ తలో చెంచా పెట్టాలి. ఆ తర్వాతే తక్కినవాళ్లు చెయ్యి చాచాలి. కుండ పెట్టే పని సత్తెమ్మ మామ్మది. ఆవిడకంటే ముందు ఆవిడ అత్తగారిది.

ఒక ఏడు పంచాయతీ ఎన్నికల్లో ఊరు రెండుగా చీలింది. పెళ్లిళ్లకి పిలుపులు ఆగాయి, చెరువు గట్టు మీద మాటలు ఆగాయి. సంక్రాంతి వచ్చేసరికి మంటలూ రెండయ్యాయి. తూర్పు వీధికి అప్పారావు పెద్ద, పడమటి వీధికి లారీల వీర్రాజు పెద్ద. మా మంట కొబ్బరిమొవ్వ తాకుతుందని తూర్పు వీధి కుర్రాళ్లు పందెం వేశారు. అది విని వీర్రాజు మనుషులు షెడ్డులోంచి పాత టైర్లు దొర్లించుకొచ్చారు. అప్పారావు వాళ్లేం తక్కువ తినలేదు. రొయ్యల చెరువుల దగ్గర వాడి పారేసిన ప్లాస్టిక్ సంచులు, పగిలిన పైపులు, ఇంజినాయిలు డబ్బాలు మోసుకొచ్చారు. దీపావళికి మిగిలిన టపాసుల సరాలు కూడా ఆ మంటల్లోనే పడ్డాయి.

పడమటి వీధి గెలిచింది. డప్పులు మోగాయి.

తెల్లవారింది గాని ఊరికి ఎండ తగల్లేదు. మంచుకి పొగ తోడై, ఎటూ కదలకుండా వీధుల్లోనే కూర్చుంది. ముగ్గుల మీద నల్లటి నుసి రాలింది. గంగిరెద్దుని తోలుకొచ్చినవాడు పొలిమేర దగ్గర కాసేపు నిలబడి, పక్క ఊరికి దారి పట్టాడు.

సత్తెమ్మ మామ్మ మాత్రం ఎప్పటిలాగే కుండ చంకనపెట్టుకుని వచ్చింది. "గెలిచిన మంట మీదే కదా కుండ పెట్టాలి" అంటూ పడమటి వీధికి వెళ్లింది. అక్కడ నిప్పులు లేవు. కరిగి గడ్డకట్టిన నల్లటి ముద్దలు, వాటిలోంచి పొడుచుకొచ్చిన ఇనప తీగలు, ఇంకా సగం కాలుతూ ఒక టైరు. మామ్మ మూడు రాళ్లూ దాని చుట్టూనే పేర్చి కుండ ఎక్కించింది. పాలు పొంగాయి. మీగడ మీద మసి తెట్టు కట్టింది. ఆవిడ ఒక చెంచా తీసి చల్లార్చి, వీర్రాజు వైపు తిరిగింది.

"ఒరేయ్ వీర్రాజూ, నీ మనవరాలికి మొన్న కార్తీకంలోనే కదా అన్నప్రాశన చేశారు? మొదటి చెంచా దానిదే. ఎత్తుకురా."

వీర్రాజు కోడలు పిల్ల మొహాన్ని భుజంలోకి దాచుకుంది. వీర్రాజు నీళ్లు నమిలాడు.

"అది తినేది కాదు మామ్మా. టైరు మీద కాగింది."

"పీల్చేదేనా మరి? నాలుగ్గంటల నుంచీ పీలుస్తోందిగా."

అంతే అంది. చెంచా కుండలో వేసి తూర్పు వీధికి వెళ్లింది. అప్పారావుని కూడా అదే అడిగింది, ఆయన దగ్గర కూడా జవాబు లేకపోయింది.

మరుసటి ఏడు ప్రెసిడెంటు దండోరా వేయించాడు. ఊళ్లో ఎక్కడా భోగి మంట వెయ్యకూడదు, వేస్తే జరిమానా. రచ్చ ముందు ఎవరూ వెయ్యలేదు. కానీ తెల్లవారుజామున ప్రతి గోడ వెనకా, ప్రతి పెరట్లో ఒక చిన్న మంట లేచింది. ఎవరూ చూడరు గనక దొరికిందల్లా అందులో వేశారు. ఒకచోట గడ్డివాము అంటుకుంది. అది ఎవరి పెరట్లోని నిప్పురవ్వో ఈనాటికీ తేలలేదు, అడిగితే ప్రతివాడూ మేం వెయ్యలేదనే అన్నాడు. పిల్లలు చేసిన పిడకల దండలు చూరుకి వేలాడి చెదపట్టాయి.

మూడో ఏడు ఊరు రచ్చ దగ్గర కూర్చుంది. మంట లేకపోతే అది భోగే కాదని కొందరు. "మా ఆయనకి ఉబ్బసం. మీ గంట సరదాకి ఆయన వారం రోజులు మంచం దిగడు" అని ఒక ఇల్లాలు. ఎవరి మాటా తీసెయ్యడానికి లేదు. అప్పుడు సత్తెమ్మ మామ్మ అంది: "కుండ చివర్న కాదర్రా, ముందే పెడదాం. ఇంకా నిప్పు రాజెయ్యకముందే. ఆ తర్వాత ఎవరేం తెస్తారో తెచ్చి, ఈ తల్లులు చూస్తుండగా కుండ కింద వెయ్యండి."

అలాగే చేశారు. ఒక కుర్రాడు అలవాటు కొద్దీ టైరు దొర్లించుకొచ్చి, కుండని చూసి, పిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డ తల్లుల్ని చూసి, వెనక్కి దొర్లించుకుపోయాడు. అప్పారావు పాత తలుపు తెస్తే, "ఆ రంగులో ఏముందో బాబాయ్" అని ఒక తల్లి అడిగింది. తలుపు పక్కన పెట్టారు. మంట మనిషెత్తు కూడా లేవలేదు. ఇంతేనా అని పిల్లలు మూతి ముడిచారు గాని పరమాన్నం వచ్చేసరికి ఆ ఊసే మరిచిపోయారు. ఉబ్బసం ఆయన అంత దూరంలో అరుగు మీద కూర్చున్నా దగ్గుతూనే ఉన్నాడు. అది చూసి, పైయేటి నుంచి మంటని ఊరి బయట కళ్లంలోకి మార్చాలని, వేళ కూడా ఎండ పొడిచాక పెట్టుకోవాలని ఒప్పుకున్నారు.

నీతి: మంట ఎవరైనా వెయ్యచ్చు. కానీ అందులో ఏం వెయ్యాలో, ఎక్కడ వెయ్యాలో చెప్పే మాట ఆ పొగ పీల్చేవాళ్లది, వాళ్లలోనూ అందరికంటే చిన్న ఊపిరి ఉన్నవాళ్లది.

కథలో ఊరు కల్పితం, పొగ కల్పితం కాదు. 2018 జనవరిలో భోగి నాడు చెన్నైలో మంచూ పొగా కలిసి దారి కనపడక విమానాలు ఆగిపోయాయి, కొన్నిటిని వేరే ఊళ్లకి మళ్లించారు. చలికాలం తెల్లవారుజామున నేలని అంటుకున్న గాలి చల్లగా, దాని పైన గాలి కాస్త వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చటి పొర మూతలా పనిచేసి పొగని పైకి పోనివ్వదు. మనం భోగి మంట వేసేది సరిగ్గా ఆ వేళలోనే. అందులో టైరు వేస్తే గంధకపు వాయువులు, మసి. పీవీసీ పైపు వేస్తే ఘాటైన ఆమ్లపు ఆవిరి, దానితోపాటు డయాక్సిన్లు. ఇవి ఒంట్లో ఎక్కడ చేరతాయో బయటికి కనపడదు కనకే మనకి భయం లేదు. ఆవు పిడకల పొగ గాలిని శుద్ధి చేస్తుందని కొందరు నమ్మకంగా చెబుతారు. దాన్ని నేను ఒప్పుకోను. పిడక పొగలోనూ సన్నటి ధూళే ఉంటుంది, ఊపిరితిత్తి దానికి మినహాయింపు ఇవ్వదు. పిడకలు టైర్లకంటే ఎన్నో రెట్లు మేలు, అంతవరకే.

దీపావళికీ ఆ చిన్న ఊపిరి కొలతే పెట్టి చూడండి. పసిపిల్లల చేతికి ముందుగా మనం ఇచ్చేది పాముబిళ్ల. చప్పుడు లేదు, ఎగరదు, ప్రమాదం లేదనుకుంటాం. పిల్ల దాని మీదకి వంగి, నల్లటి పాము మెలికలు తిరుగుతూ లేవడాన్ని నోరు తెరుచుకుని చూస్తుంది. పుణెలో ఛెస్ట్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు రకరకాల బాణసంచాని కాల్చి కొలిస్తే, సరాలనీ కాకరపువ్వొత్తుల్నీ మించి అన్నిటికంటే ఎక్కువ సూక్ష్మధూళి వదిలింది ఆ పాముబిళ్లే. ఇది చదివాక కూడా దాన్ని పిల్ల చేతికి ఇవ్వగలమా?

మతాబులోని ఆకుపచ్చ వెలుగు బేరియంది, ఎరుపు స్ట్రాన్షియంది. 2018 అక్టోబరు 23న సుప్రీంకోర్టు బేరియం లవణాలని నిషేధించింది. సరాలు వద్దంది, తక్కువ పొగ వదిలే గ్రీన్ టపాసులే అమ్మాలంది, దీపావళి రాత్రి ఎనిమిది నుంచి పదింటి వరకే కాల్చాలంది. అదే తీర్పు క్రిస్మస్‌కీ, కొత్త సంవత్సరానికీ రాత్రి 11:55 నుంచి 12:30 వరకే సమయమిచ్చింది. మా పండగల మీదే ఆంక్షలా అని అడిగేవాళ్లు ఇది గమనించాలి. పెళ్లి ఊరేగింపుల్లో, ఎన్నికల విజయోత్సవాల్లో పేల్చే సరాల్ని కూడా అంతే గట్టిగా పట్టుకోవాలని వాళ్లడిగితే మాత్రం నేను వాళ్ల పక్షమే.

గ్రీన్ అన్న మాట విని నిశ్చింతగా కూర్చోవడానికీ లేదు. నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసిన ఆ రకాలు ధూళిని సుమారు 30 శాతం తగ్గిస్తాయి. మిగతా 70 శాతం మన వీధిలోనే ఉంటుంది.

పూర్తిగా నిషేధిస్తే పోలేదా అంటే, కథలో రెండో ఏడు జరిగిందే ఢిల్లీలో జరిగింది. ఏటా నిషేధం పెట్టారు, ఏటా దీపావళి రాత్రి నగరం మోగుతూనే ఉంది. దొంగచాటుగా వచ్చే సరుకు గ్రీన్ టపాసులకంటే ఎక్కువ చేటు చేస్తోందని గుర్తించి, 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు అక్కడ గ్రీన్ టపాసులకి పరిమితంగా అనుమతినిచ్చింది. దీనికి పూర్తిగా ఎదురైన ఊరు తమిళనాడు శివగంగ జిల్లాలో ఉంది. వేట్టంగుడి పక్షుల కేంద్రం పక్కనున్న కొల్లుకుడిపట్టి వాళ్లు, గూళ్లలో పక్షులు బెదురుతాయని దశాబ్దాలుగా టపాసులు కాల్చడం మానేశారు. తమ కొమ్మల మీద ఎవరున్నారో కళ్లారా చూసుకుని వాళ్లంతట వాళ్లు తీసుకున్న నిర్ణయం అది, అందుకే ఇన్నేళ్లు నిలిచింది.

ఇంకొకళ్లు కూడా ఈ లెక్కలోకి రావాలి. 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో బాణసంచా తయారీ కేంద్రం పేలి ఎనిమిది మంది చనిపోయారు. దీపావళికి అప్పటికింకా ఆరు నెలలుంది. శివకాశిలోనూ మన జిల్లాల్లోనూ కూలి కోసం గంధకం, సురేకారం, అల్యూమినియం పొడి చేతుల్తో కలిపేవాళ్లు మన మంటకి మనకంటే ముందు ఎదురుగా నిలబడుతున్నారు. పండగ మర్నాడు హైదరాబాదు సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో కళ్లకి కట్లతో కూర్చునే పిల్లల్ని ఏటా టీవీలో చూస్తూనే ఉన్నాం.

నేను కోరేది ఇదీ. దీపాలు ఎన్ని వెలిగించినా తక్కువే. గోగుకర్రలకి నూనెగుడ్డలు చుట్టి పిల్లల చేత దివిటీలు కొట్టించే ఆచారం ఇంకా బతికున్న ఊళ్లలో, పెద్దవాళ్లు పక్కనుండి, దాన్ని కాపాడుకోవాలి. మతాబులు, చిచ్చుబుడ్లు ఆ రెండు గంటల్లో, ఆరుబయట, ఇంటికి కాసిని. బాంబులు, సరాలు, పాముబిళ్లలు అసలు వద్దు. పండగంటే చెవులు చిల్లులుపడటమేనని మన పెద్దలెవరూ చెప్పలేదు. భోగికి వాడకో అపార్టుమెంటుకో ఒకటే మంట, పొద్దెక్కాక. అది ఎక్కడ వెయ్యాలో కమిటీవాళ్లు నిర్ణయించేముందు పసిపిల్లలున్న ఇళ్లనీ, ఉబ్బసం ఉన్నవాళ్లనీ తలుపుతట్టి అడగాలి.

ప్రభుత్వం చెయ్యాల్సిన పనీ ఉంది. అది పండగ నాడు పోలీసుల్ని పంపడం కాదు. పంక్చరు షాపుల వెనక గుట్టపడిన పాత టైర్లని భోగికి వారం ముందే మునిసిపాలిటీ బండి ఎత్తుకుపోవాలి. దీపావళి దుకాణాలకి మైదానాల్లో తాత్కాలిక లైసెన్సులు ఇచ్చేటప్పుడు గ్రీన్ టపాసులని తెలిపే క్యూఆర్ కోడు లేని ప్రతి పెట్టెనీ షట్టరు తెరవకముందే వెనక్కి పంపాలి, ఎందుకంటే సాయంత్రం ఆరింటికి కొడుకుని చంకనెత్తుకుని బేరమాడే తండ్రికి ఏ పెట్టెలో బేరియం ఉందో తెలుసుకునే వీలు లేదు.