మనవాళ్ళ గురించి మనమే రాస్తే

తన కులం గురించి తానే పరిశోధన చేసే ప్రొఫెసర్‌ని నమ్మొచ్చా? సొంతవాళ్ళ మీద ప్రేమ ఉంటుంది, పక్కవాళ్ళ మీద కోపం ఉంటుంది, కాబట్టి చూపు వంకర పోతుంది అంటారు. బానే ఉంది. మరి ఈ అనుమానం అందరి మీదా ఎందుకు రాదు? రాజ్యం గురించి అగ్రకుల ప్రొఫెసర్ రాస్తే అది రాజనీతిశాస్త్రం అవుతుంది. గొర్లకాపరి కొడుకు రాస్తే కులపిచ్చి అవుతుంది.

కంచ ఐలయ్య 1952లో వరంగల్ జిల్లా పాపయ్యపేటలో కురుమల ఇంట్లో పుట్టారు. బుద్ధుడి రాజకీయ తాత్వికత మీద పీహెచ్‌డీ చేసి, ఉస్మానియాలో రాజనీతిశాస్త్రం చెప్పారు. 1996లో వచ్చిన 'వై ఐ యామ్ నాట్ ఎ హిందూ'లో ఆయన చూపించిన ఆధారాలు చాలావరకు ఇంట్లోంచి, మందలోంచి వచ్చినవే: మా దేవతలెవరు, మా పిల్లలు ఏ పని చూసి పెరుగుతారు, మా ఆడవాళ్ళు ఏం చేస్తారు. 2000లో యూనివర్సిటీ రిజిస్ట్రార్ ఆయనకి ఉత్తరం రాశారు, సమాజంలో ఉన్న దురభిప్రాయాల్ని పెంచే రాతలు వద్దని.

అమెరికాలో ఈ చిక్కు ఇంకా పాతది. 1899లో డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ అట్లాంటాలో ప్రొఫెసర్. నల్లవాళ్ళ జీవితం మీద ఓపిగ్గా సర్వేలు చేస్తున్నాడు. అప్పుడే శామ్ హోస్ అనే నల్లజాతి కూలీని మూక చంపింది. అతని వేలి కణుపుల్ని ఒక కిరాణా కొట్లో చూడటానికి పెట్టారని దారిలో విని డుబోయిస్ వెనక్కి తిరిగి వచ్చేశాడు. మనుషుల్ని ఇలా చంపుతుంటే దూరంగా నిలబడిన శాస్త్రవేత్తగా ఉండటం కుదరదని తర్వాత రాసుకున్నాడు. అలాగని సర్వేలు మానలేదు. లెక్కా కావాలి, కోపమూ కావాలి అనుకున్నాడు.

ఈ ప్రశ్నని మా ఆలూరు వైపుకి తెచ్చి చూద్దాం. తెలంగాణ కురుమలే ఇక్కడ కురుబలు. వానల్లేని ఏడు ఊళ్ళకి ఊళ్ళే 'సుగ్గి'కి పోతాయి, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి. పిల్లలూ వెంట పోతారు. బడి హాజరుపట్టీలో అది గైర్హాజరు. బయటినుంచి వచ్చిన పరిశోధకుడు ఆ పట్టీ చూసి 'చదువు మీద ఆసక్తి లేదు' అని రాసుకుంటాడు. సుగ్గికి పోయొచ్చిన పిల్ల పరిశోధకురాలైతే మొదట ఆ మాటనే కొట్టేస్తుంది. అది పక్షపాతం కాదు, తెలిసుండటం.

కానీ తెలిసుండటానికీ ఒక హద్దుంది. గొర్ల మంద ఉన్న ఇంటి సుగ్గీ, ఏమీ లేని మాదిగ ఇంటి సుగ్గీ ఒకటి కాదు. మన ఇల్లు మనకి లోపలినుంచి తెలుసు. పక్కిల్లు వాకిలిదాకానే తెలుసు.

2017లో గొడవయింది ఈ వాకిలి దగ్గరే అనిపిస్తుంది. ఐలయ్య 'పోస్ట్-హిందూ ఇండియా'లోని ఒక అధ్యాయం 'సామాజిక స్మగ్లర్లు కోమటోళ్ళు' పేరుతో తెలుగులో చిన్న పుస్తకంగా వచ్చింది. నిరసనలు, దాడి, ఉరితీయాలన్న మాటలు. పుస్తకాన్ని నిషేధించమన్న పిటిషన్‌ని అక్టోబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. కొట్టేయడమే న్యాయం. వ్యాపారం, పెట్టుబడి కొన్ని కులాల్లోనే ఎందుకు తిరుగుతున్నాయన్నది అడగాల్సిన ప్రశ్నే. తక్కెడకి ఇవతల నిలబడ్డవాళ్ళకే ముల్లు ఎటు మొగ్గుతోందో బాగా కనిపిస్తుంది.

అయితే 'స్మగ్లర్లు' అన్న మాట వ్యవస్థ మీద ఆగదు. సందు చివర చిన్న కొట్టు పెట్టుకుని అప్పులతో నడిపేవాడి మీదా, వాడి కూతురి మీదా పడుతుంది. పుట్టుకని బట్టి మనిషి గుణం తేల్చకూడదన్నదే కదా మొదటి పుస్తకం బలం? ఆ నియమం ఎదుటి ఇంటికీ వర్తించాలి. దానికి జవాబు నిషేధమూ కాదు, రాళ్ళూ కాదు, ఇంకో పుస్తకం.

ఎక్కడా నిలబడకుండా చూసే చూపు ఎవరికీ లేదు. ఎక్కడ నిలబడ్డావో ముందే చెప్పు, అక్కడినుంచి కనపడనిదేదో అవతలివాళ్ళు చెప్తే విను. మనవాళ్ళ గురించి రాసేవాళ్ళని ఇంతకంటే ఎక్కువ అడగక్కర్లేదు. కాకపోతే, అందర్నీ అడగాలి. ఎప్పుడూ ఎవరూ అడగని అగ్రకుల ప్రొఫెసర్ దగ్గర మొదలుపెడితే ఇంకా మంచిది.