చివరి గడియలోని కానుక

ప్రయాణపు చివరి గడియలో త్వరపడి కొన్న వస్తువు కానుక యగునా, లేక కానుక వేషము ధరించిన ఋణశేషమా? విమానాశ్రయములోని అంగడి ఈ ప్రశ్నను ప్రతిదినము అడుగుచున్నది. సుంకము లేని సరకుల అంగడి మొట్టమొదట 1947లో ఐర్లండు దేశపు షానన్ విమానాశ్రయములో వెలసెను. దుబాయి విమానాశ్రయములో అట్టిది 1983లో తెరువబడెను. గల్ఫు దేశములనుండి ఇల్లు చేరు తెలుగువారికి ఆ చాక్లెట్ డబ్బాలు, అత్తరు సీసాలు చిరపరిచితములు.

రోమా తత్త్వజ్ఞుడైన సెనెకా, అపొస్తలుల కార్యములలో కనబడు గల్లియోనునకు సహోదరుడు. ఉపకారములనుగూర్చి అతడు వ్రాసిన గ్రంథములో రెండు సంగతులు గమనింపదగినవి. ఉపకారము ఇచ్చిన వస్తువులో గాక ఇచ్చువాని మనస్సులో నున్నదనునది మొదటిది. ఆలస్యముగా ఇచ్చినవాడు చాలకాలము ఇయ్యనొల్లక యుండెననునది రెండవది. మొదటిది సత్యమే, రెండవది అందరికిని వర్తింపదు. అతని సమకాలికుడైన పౌలు, ఫిలిప్పీ సంఘమువారు ఎపఫ్రొదితుచేత పంపిన సహాయము అందినప్పుడు, వారికి కొరవడినది శ్రద్ధ కాదనియు అవకాశమే యనియు గ్రహించి సంతోషించెను.

ఒకే అర యెదుట ఇద్దరు నిలిచియున్నారనుకొనుడు. ఒకడు కట్టడపు పనివాడు. రెండేండ్లు అతని దినములు యజమానునివి, అతని జీతము ఇంటివారిది. తనదైన సమయము ఈ ఒక్క గంటయే. మరియొకడు వారము దినములు విందులలో గడిపి, విమానమెక్కు పిలుపు వినబడినప్పుడు బిడ్డను తలంచెను. ఇద్దరును ఒకే డబ్బాను ఒకే వెలకు కొనిరి. వారి భేదమును రసీదు చూపదు.

అట్లైన రెండవవాని కానుక వ్యర్థమా? కాదు. ఆలస్యముగా తలంచుటయు తలంచుటయే. వట్టి చేతులతో గడప తొక్కుటకు సిగ్గుపడుట ప్రేమ పూర్తిగా ఆరిపోలేదనుటకు గురుతు. దోషము కొనుటలో లేదు. కొన్నదానితో లెక్క తీరెననుకొనుటలో నున్నది. బిడ్డకు రావలసినది తండ్రి సమయమైనయెడల, డబ్బా ఆ ఋణమును తీర్చజాలదు. ఋణము కలదని ఒప్పుకొనజాలును.

సువెనీరు అను ఫ్రెంచి మాటకు జ్ఞాపకమని అర్థము. జ్ఞాపకము అమ్మకపు సరకు కాదు గనుక, అంగడిలో దొరకునది దాని ఆనవాలు మాత్రమే. కావున ఆ డబ్బా విలువ ఇంటిలోనే తేలును. దానిని బిడ్డ చేతికిచ్చి, వెంటనే తన పనిమీద వెళ్లిపోవువాడు బాకీ చెల్లించితిననుకొనును. ప్రక్కన కూర్చుండి, తాను లేని దినములలో జరిగినదంతయు చెప్పుమని ఓపికతో వినువాడు ఇచ్చుట నారంభించియున్నాడు.