మాతృభాష – దేశభక్తి

నలుగురిలో తన మాతృభాష పలికినవాని దేశభక్తి తక్కువగునా? దేశమొక్కటియైనచో అందరి నోటను ఒక్క భాషయే ఉండవలెనా? ఈ ప్రశ్నకు నర్సీపట్నము చేరువనున్న కృష్ణదేవిపేట చక్కని సమాధానము చెప్పుచున్నది.

మైదానమునకును మన్యమునకును గడపవంటి గ్రామమిది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడి సల్పి ఆయుధములను గైకొనెను. 1924 మే 7న అసువులు బాసిన ఆ వీరుని సమాధి కృష్ణదేవిపేటలోనే ఉన్నది. ఆయన వెంట నడచినవారు గాం గంటందొర, గాం మల్లుదొర వంటి మన్యవాసులు. మల్లుదొర 1952 ఎన్నికలలో లోక్‌సభ సభ్యుడయ్యెను. వారి దేశభక్తికి కొలత త్యాగమే గాని పలుకుబడిలోని యాస కాదు.

ఆ కొండలలో తెలుగుతోపాటు కువి, కొండ, గదబ, ఆదివాసీ ఒడియా భాషలు తరతరములుగా వినవచ్చుచున్నవి. ఇంట ఆ భాషలాడువాడు సంతలో, బస్సులో, కచేరీలో అవసరమునకు తెలుగు పలికినచో దోషము లేదు. ఎవరైన నవ్వుదురేమోయని గొంతు తగ్గించుకొన్నచో దోషమున్నది. అయితే ఆ దోషము గొంతు తగ్గించినవానిది కాదు, నవ్వినవానిది.

తెలుగువారికి ఈ బాధ క్రొత్తది కాదు. మదరాసు రాష్ట్రమున తమ భాషకు తగిన స్థానము లేదని వారు ఎంతో కాలము వగచిరి. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ గావించగా, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము వెలసినది. అంతమాత్రమున ఆంధ్రులు భారతీయులు కాకపోయిరా? తనకు కోరిన గౌరవమును ఎదుటివానికి ఈయనిచో ఆ కోరిక న్యాయమనిపించుకొనదు.

గిడుగు రామమూర్తి పంతులు ఈ ధర్మము నెరిగినవాడు. తెలుగున వాడుకభాషకై పోరాడిన ఆయనయే సవర భాష నేర్చి, ఆ భాషలో సవర బాలురకు చదువు చెప్పించి, 1931లో సవర వ్యాకరణము ప్రకటించెను. ఒక భాషపై ప్రేమ మరియొక భాషపై ద్వేషము కానక్కరలేదు.

శరణుల మార్గమును ఇదియే. 12వ శతాబ్దిలో కల్యాణమున బసవేశ్వరుడు జనులాడు కన్నడముననే శివతత్త్వమును వచించెను. మడివాళ మాచయ్య వంటి కాయకజీవులును ఆ భాషలోనే వచనములు పలికిరి. ఆ బసవేశ్వరుని చరితమును పాల్కురికి సోమనాథుడు తెలుగు ద్విపదలో పాడెను. భాష మారినంత మాత్రమున తత్త్వము తరుగలేదు. మరికొన్ని ఇండ్లకు చేరినది.

ఉమ్మడిభాష లేనిదే రాజ్యమెట్లు నడచునని కొందరందురు. ఉమ్మడిభాషను అందరును నేర్వవలసినదే. నేర్చుట వేరు, ఉన్నదానిని విడనాడుట వేరు. రాజ్యాంగము 29వ అధికరణమున తమ భాషను కాపాడుకొను హక్కును పౌరులకిచ్చినది. 1956లో చేరిన 350-ఎ అధికరణము అల్పసంఖ్యాక భాషల బాలలకు ప్రాథమిక విద్య మాతృభాషలో నేర్పు వసతి కల్పింపుమని రాష్ట్రములను కోరుచున్నది. బడిలో తన భాష విన్న బాలుడు రెండవ భాషను బెదురులేక నేర్చును.

కనుక సంతలో కొండభాష చెవిని బడినపుడు పరాయివాని మాటయని తలపరాదు. ఆ మాటలాడువారి పెద్దలు ఈ దేశముకొరకు నెత్తురు చిందించిరి. వారి పలుకును మన్నించుట, మఠముల బడులలోను గృహములలోను పిల్లలకు ఆ మన్ననను నేర్పుట శివభక్తులకు విధి.