బాటలో మంచి రోజు, చెడ్డ రోజు

‘ఈ రోజే మంచిది కాదు’ అన్న మాట మనం తరచూ వింటుంటాం, అంటుంటాం కూడా. పని చెడితే రోజును నిందిస్తాం. పని కలిసివస్తే అది మన తెలివి అనుకుంటాం. మరి మంచీ చెడూ నిజంగా రోజులోనే ఉంటాయా? నెలల తరబడి కాలినడకన సాగే ఒక ప్రయాణాన్ని గమనిస్తే ఈ ప్రశ్నకు కొంత సమాధానం దొరుకుతుంది.

అమెరికా తూర్పు భాగంలో అపలాచియన్ ట్రయిల్ అనే కొండదారి ఉంది. 1937లో పూర్తయిన ఈ దారి దక్షిణాన జార్జియా నుండి ఉత్తరాన మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ పర్వతం వరకు 14 రాష్ట్రాల గుండా సుమారు 3,500 కిలోమీటర్లు సాగుతుంది. ఒకే విడతలో నడిచేవారికి ఐదు నుండి ఏడు నెలలు పడుతుంది. అలా బయలుదేరిన ప్రతి నలుగురిలో చివరి వరకు చేరుకునేది సుమారు ఒక్కరే.

ఆ దారిలో వాన కురిసిందనుకోండి. ఊటలు ఎండిపోయి దాహంతో నడిచేవాడికి అది వరం. బొబ్బలెక్కిన పాదాలతో జారే బండలపై నడిచేవాడికి అదే ఆపద. వాన ఒక్కటే, రోజూ ఒక్కటే. కనుక రోజును నిందించడం న్యాయం కాదు. అలాగని బాధంతా భ్రమే అనడం కూడా న్యాయం కాదు. బొబ్బ నిజం, చలి నిజం, ఆకలి నిజం. బాధపడేవాడితో ‘అంతా నీ మనసులోనే ఉంది’ అనడం ఓదార్పు కాదు, నిర్దయ.

ఆ బాటలో నడిచేవారు ఒక నియమం చెప్పుకుంటారు: చెడ్డ రోజున ప్రయాణం మానుకోవద్దు. ముందు కడుపు నింపుకో, బట్టలు ఆరబెట్టుకో, నిద్రపో. మంచి రోజున కూడా ఇంటికి పోవాలనే అనిపిస్తే నిస్సంకోచంగా వెళ్ళు. ఇందులో ఎంత వివేకం ఉందో చూడండి! అలసట తాను అలసటనని చెప్పుకోదు, వివేకం వేషంలో వస్తుంది. కోపం కూడా అంతే. ఒక్క చెడ్డ సాయంత్రం నోరుజారిన మాటతో ఎన్ని సంసారాలు కూలిపోలేదు? మరుసటి ఉదయం పశ్చాత్తాపపడనివారెందరు?

అయితే మంచి రోజు కూడా నమ్మదగిన సలహాదారు కాదు. ఎండ హాయిగా ఉందని, కాళ్ళు తేలిగ్గా ఉన్నాయని శక్తికి మించి నడిచి, మర్నాడు వాచిన మోకాలితో కూలబడేవారూ ఉన్నారు. చెడ్డ రోజు మనిషిని నిరాశలోకి నెడితే, మంచి రోజు అహంకారంలోకి నెడుతుంది. మొదటిదానికి సహనం మందు, రెండోదానికి కృతజ్ఞత మందు.

ఎమ్మా గేట్‌వుడ్ అనే వృద్ధురాలి సంగతి వినండి. పదకొండు మంది బిడ్డల తల్లి. 1954లో మెయిన్ వైపు నుండి నడక మొదలుపెట్టి దారి తప్పింది. కళ్ళద్దాలు పగిలిపోయాయి. అటవీ సిబ్బంది నచ్చజెబితే ఇంటికి తిరిగి వెళ్ళింది. అది ఓటమా? ఎంతమాత్రం కాదు. ప్రాణాన్ని కాపాడుకోవడం బాధ్యత. మరుసటి ఏడాది, 67 ఏళ్ళ వయసులో, భుజాన స్వయంగా కుట్టుకున్న సంచి వేసుకుని, కాళ్ళకు మామూలు గుడ్డబూట్లు తొడుక్కుని జార్జియా నుండి బయలుదేరింది. ఆ ఆగస్టులో వచ్చిన తుఫానులకు వాగులు పొంగాయి. అయినా 1955 సెప్టెంబరు 25న కటాడిన్ శిఖరం చేరుకుంది. దారి ఇంత కష్టమని ముందే తెలిస్తే బయలుదేరేదాన్నే కాదని తర్వాత ఆమే ఒప్పుకుంది. ఆమె ధైర్యం కష్టాన్ని దాచిపెట్టేది కాదు.

ఒంటరిగా నడిచిన ఆమెకు కూడా దారిలో అన్నం పెట్టినవారు, పడుకోవడానికి చోటిచ్చినవారు ఉన్నారు. నేటికీ ఆ బాట పక్కన నీళ్ళు, పండ్లు ఉంచి, పేరైనా చెప్పకుండా వెళ్ళిపోయేవారున్నారు. నడిచేవారు వారిని ‘బాట దూతలు’ అని పిలుచుకుంటారు.

ప్రియ పాఠకులారా! మన మంచి రోజు మనం ఒంటరిగా అనుభవించడానికే వచ్చిందా? అదే రోజున పక్కింట్లో ఎవరికో చెడ్డ రోజు నడుస్తూ ఉండవచ్చు. ‘ఈ రోజు నాకు ఎలా ఉంది?’ అని అడగడంతోనే ఆగిపోకుండా, ‘ఈ రోజు నా వల్ల ఎవరి భారమైనా తగ్గిందా?’ అని కూడా రాత్రి పడుకునే ముందు మనల్ని మనం ప్రశ్నించుకుందాం. రోజు మంచిదో చెడ్డదో తేల్చేది ఆ జవాబే.