దారి సిద్ధంగా ఉంచడం ఎవరి బాధ్యత?



ఏడాదిలో ఒక్కసారి కూడా అవసరం పడకపోవచ్చునని తెలిసి, ఒక దారిని నిత్యం బాగుచేస్తూ ఉండటం వివేకమా, వృథా ఖర్చా?

ఆస్ట్రేలియా లోపలి ప్రాంతాలలో ఇంటికీ ఆసుపత్రికీ మధ్య వందల కిలోమీటర్ల దూరం ఉంటుంది. అక్కడ జాన్ ఫ్లిన్ అనే ప్రెస్బిటేరియన్ బోధకుని చొరవతో 1928లో విమానంలో వైద్యులను పంపే సేవ మొదలైంది. విమానం, వైద్యుడు ఉంటే చాలదు, దిగడానికి చదునైన నేల కావాలి. చాలాచోట్ల ఆ మట్టి రన్‌వేను చూసుకునేది అక్కడి పశువుల పెంపకందారులే. గుంటలు పూడుస్తారు. రాత్రివేళ విమానం వస్తుందంటే దీపాలు వరుసగా పెట్టి, కంగారూలను తోలివేస్తారు. రోగి తమ ఇంటివాడు కావచ్చు, ముక్కూముఖం తెలియని బాటసారి కావచ్చు.

మన వరంగల్ దగ్గర మామునూరులో నిజాం కాలంలో, 1930లో, కట్టిన విమానాశ్రయం 1981 తరువాత మూలబడింది. దాన్ని తిరిగి తెరవడానికి అనుమతి 2025లో వచ్చింది. కట్టడం ఒకనాటి పని, కాపాడటం ప్రతినాటి పని.

అయితే మన మన్యంలోని గూడేలకు కావలసింది విమానం కాదు, అంబులెన్సు. 108 సేవ 2005లో హైదరాబాదులో మొదలైంది. ఫోను చేస్తే బండి బయలుదేరుతుంది. కాని పాడేరు వైపు కొండలలో రోడ్డు లేని గూడేల నుండి గర్భిణులను ఇప్పటికీ డోలీ కట్టి మోసుకురావలసి వస్తున్నది.

హైటెక్ సిటీలో పనిచేసే మన బిడ్డలకు ముందుచూపు నేర్పనక్కరలేదు. అక్కడి పెద్ద భవనాలన్నింటికీ జనరేటర్లున్నాయి. కరెంటు పోకపోయినా అప్పుడప్పుడు నడిపి చూస్తారు. అది వృథా అని ఎవరూ అనరు, పని ఆగితే ఎంత నష్టమో లెక్క తెలుసు గనుక. గూడెం దారి తెగితే నష్టపోయేవారు ఏ లెక్కలోనూ లేరు. తేడా అదే.

2021 ఫిబ్రవరిలో నాగోలు నుండి జూబ్లీహిల్స్ వరకు మెట్రో రైలును మధ్యలో ఆపకుండా నడిపి ఒక దాత గుండెను చేరవేశారు. రోజూ ఉద్యోగులను హైటెక్ సిటీకి చేర్చే మార్గమే అది. ఆ పట్టాలు గుండె కోసం వేసినవి కావు. ప్రతిరోజూ బాగోగులు చూశారు గనుక ఆ రోజున ఒక ప్రాణానికి పనికివచ్చాయి.

“పదిమంది ఉన్న గూడేనికి అంత ఖర్చా? ఆ డబ్బుతో పట్నంలో వందమందికి వైద్యం చేయవచ్చు కదా!” అని కొందరంటారు. డబ్బుకు పరిమితి ఉన్నమాట నిజమే. ప్రతి గూడెంలోనూ ఆసుపత్రి కట్టలేము. అందుకే కదా పెద్ద ఆసుపత్రులను పట్నంలో పెట్టుకున్నాం! అలా పెట్టుకున్నవారం అక్కడికి చేరే దారిని గూడేనికి బాకీపడ్డాం. అది దానం కాదు, న్యాయం. వివేకానికి ముందుచూపు ప్రధాన భాగమని పునీత తోమా అక్వినాసు బోధించారు. ఆ ముందుచూపు మన ఆస్తికే పరిమితమైతే దానిని వివేకమనలేము.

మన వంతు మన వీధిలోనే ఉన్నది. రాత్రి రెండు గంటలకు అంబులెన్సు మీ వీధి చివరి ఇంటిదాకా రాగలదా? మలుపులో నిలిపిన కారు, వాకిలి ముందుకు జరిపిన మెట్లు ఎవరివి? ఈ ఆదివారం కుటుంబమంతా కలిసి ఒకసారి నడిచి చూడండి.