పాడుపడిన బసదియు, శ్రావకుని ధర్మమును

ప్రతి దీపావళికిని పాత చిట్టా మూసి క్రొత్త చిట్టాకు పూజ చేయుట జైన వర్తక కుటుంబములలో తరతరములుగా వచ్చుచున్న ఆచారము. మహావీరస్వామి నిర్వాణ దినమున లెక్క సరిచూచుకొనని అంగడి యుండదు. కాని చిట్టాకెక్కని ఋణములు కొన్ని కలవు. పూర్వులు కట్టించి విడిచిపోయిన బసదులు, చెక్కించిన శాసనములు, నిలిపిన నిసిధి శిలలు అట్టివి. వానిని చూడబోవువాడు వానికి హక్కుదారుడా, లేక బాకీదారుడా? ఈ ప్రశ్న పైకి చిన్నదిగా కన్పట్టును. అయినను దీనికి చెప్పుకొను సమాధానమును బట్టియే యాత్ర పుణ్యమగుటయో, పాపమగుటయో జరుగుచున్నది.

ఇప్పుడు ప్రయాణ సౌకర్యములు హెచ్చినవి. బళ్ళారి, రాయచూరు, షోలాపురము, చెన్నపట్టణము, బరంపురము మున్నగు పట్టణములలో బహుకాలముగా స్థిరపడిన తెలుగు కుటుంబములు సెలవు దినములలో పిల్లలతో బయలుదేరి తెలుగునాటి పాతచోట్లను చూచి వచ్చుచున్నవి. ఇది సంతోషింపదగిన విషయము. తాతల నాటి భాషను ఇంటిలో నిలుపుకొన్నవారికి తాతల నాటి నేలను చూడవలెనను కోరిక కలుగుట సహజమే కదా!

అట్టివారికి కడప జిల్లా యొక చక్కని పాఠశాల. జమ్మలమడుగునకు సమీపమున పెన్నానది కొండను చీల్చుకొని పారుచోట గండికోట కలదు. ఆ కోటలో మాధవస్వామి ఆలయము, రంగనాథాలయము, జుమ్మా మసీదు, ధాన్యాగారము ఒకే ప్రాకారములో నిలిచియున్నవి. 1650లో మీర్ జుమ్లా వశమైన కోట యిది. ఎఱ్ఱగుంట్ల ప్రాంతమున కలమళ్ళ యను పల్లె కలదు. ఎఱికల్ ముత్తురాజు వేయించిన అచటి శాసనము క్రీ.శ. 575 నాటిదని, తెలుగు శాసనములలో మిక్కిలి ప్రాచీనమని విద్వాంసులు చెప్పుదురు. ఈ రెండిటిని చూచినవారిలో పలువురు తృప్తిపడి మరలిపోవుదురు. కాని జైనులు తప్పక చూడవలసిన చోటు వేఱొకటి అదే పెన్న యొడ్డున, జమ్మలమడుగు దగ్గఱనే యున్నది. అదియే దానవులపాడు.

పేరు వినినచో అచట దానవులుండిరేమో యనిపించును. అచట నుండినవారు అహింసావ్రతులు. 20వ శతాబ్ది తొలి యేండ్లలో పురావస్తు శాఖవారు త్రవ్వించగా నది యిసుక క్రింద నుండి ఇటుక కట్టడమును, పార్శ్వనాథుని గొప్ప విగ్రహమును, రాతి యాలయపు అవశేషములును బయల్పడినవి. రాష్ట్రకూట చక్రవర్తి నిత్యవర్ష బిరుదాంకితుడైన మూడవ ఇంద్రుడు 10వ శతాబ్ది ప్రథమ పాదమున శాంతినాథుని అభిషేకము కొఱకు పీఠమొకటి చేయించెనని అచటి శాసనము తెల్పుచున్నది. శ్రీవిజయుడను దండనాయకుడు యుద్ధములు చేసి, కవిత్వము చెప్పి, చివరకు సర్వమును త్యజించి సన్న్యసించిన సంగతి యొక స్తంభముపై సంస్కృత కన్నడ భాషలలో చెక్కబడియున్నది. కన్నడసీమలో తెలుగు మాటాడు కుటుంబములకు తెలుగుసీమలో ఈ కన్నడ శాసనము చిత్రమైన చుట్టరికము. దండనాయకునివే గాక పెనుగొండకు చెందిన వైశ్యుల స్మారక శిలలును అచట లభించినవి. అనగా నచటికి వచ్చిన వర్తకునకు ఎదురుపడునది రాజుల చరిత్ర మాత్రమే కాదు, తనవంటి త్రాసు పట్టినవాని చరిత్ర కూడ.

ఇక ధర్మసంకట మెట్లు కలుగునో చూడుడు. ఇట్టి యొక పాతచోటికి ఒక కుటుంబము పోయినదనుకొందము. ప్రక్క చేనిలో వేపచెట్టు క్రింద జానెడు రాతి విగ్రహ మొకటి యున్నది. దున్నునపుడు నాగటికి తగిలినదట. రైతు దానికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, వానలు కురిపించు దేవుడని మ్రొక్కుచున్నాడు. ఇంటి యజమాని దగ్గఱకు పోయి చూచెను. పద్మాసనము, ముడిచిన చేతులు, తలపై ఛత్రము. సందేహము లేదు, అది జినబింబమే. ఆయన కన్నులు చెమర్చినవి. "ఎంతకిచ్చెదవయ్యా?" అని యడిగెను. రైతు తల గోకికొనుచు, "మీ దేవుడైతే తీసికొని పొండి సామీ, పిల్లదాని పెండ్లి యున్నది, మీకు తోచినంత ఇయ్యండి" అనెను.

యజమాని పక్షమున చెప్పదగినవి లేకపోలేదు. ఎండకు వానకు పాడగుచున్న బింబమును తెచ్చి శుభ్రమైన మందిరమున నుంచుట రక్షణ కాదా? ఈ రోజు తాను కొనకున్నచో రేపు విగ్రహముల దొంగ యెవ్వడో కొనిపోడా? రైతునకు నాలుగు రూకలు దక్కుట మేలు కాదా? ఈ వాదములో భక్తి యున్నది, దయ యున్నది. అందుచేతనే యిది చిక్కైన ప్రశ్న. దురాశతో చేయు తప్పును ఎవ్వరైనను గుర్తింతురు. భక్తితో చేయు తప్పును గుర్తించుటయే కష్టము.

ఇట్టి వేళ శ్రావకునకు త్రాసు ఎచట దొరకును? ఉమాస్వాతి తత్త్వార్థసూత్రపు 7వ అధ్యాయమున అచౌర్య వ్రతమునకు అయిదు అతిచారములు చెప్పబడినవి. అవి వర్తకులను ఉద్దేశించియే చెప్పినట్లుండును. చిత్రమేమనగా, పాతచోట్లను చూడబోవువారికి కూడ అవి అక్షరాల వర్తించుచున్నవి.

మొదటిది స్తేనప్రయోగము, అనగా దొంగను ప్రోత్సహించుట. పల్లెలో దిగగానే "ఇచట పాత విగ్రహము లేమైన దొరకునా?" అని పదిమంది ధనికులు అడిగినచో పదునొకండవవాడు వచ్చునప్పటికి గడ్డపాఱతో త్రవ్వి సిద్ధముగా నుంచువాడొకడు పుట్టును. అడిగినవారెవ్వరును దొంగలు కారు. కాని వారి ప్రశ్నయే దొంగకు పెట్టుబడి యైనది.

రెండవది తదాహృతాదానము, దొంగసొత్తు పుచ్చుకొనుట. రైతు దొంగ కాడు, నిజమే. కాని ఆ బింబము అతనిదియు కాదు. దానిని చెక్కించినవాడు, నిలిపినవాడు, దానికి భూమి నిచ్చినవాడు, అందఱును పోయిరి. యజమాని లేని వస్తువు దొరికినవానిది కాదని, ఇచ్చువాడు లేని దానము పుచ్చుకొనుట అదత్తాదానమని జైనధర్మము చెప్పుచున్నది. విక్రయించుటకు హక్కులేనివానికి వెల యిచ్చినంత మాత్రమున సరుకు తనదగునా? అంగడిలో ఈ సూత్రము తెలియని వర్తకుడు లేడు. దేవుని యెదుట మాత్రము దానిని మఱచుట తగునా?

మూడవది విరుద్ధరాజ్యాతిక్రమము, రాజశాసనమును మీఱుట. భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన విలువగల నిధిని కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి నిక్షేపముల చట్టము, రక్షిత కట్టడములకు హాని చేయరాదని 1958 నాటి చట్టము, పురావస్తువుల వ్యాపారమునకు లైసెన్సు ఉండవలెనని 1972 నాటి చట్టము విధించినవి. పన్ను లెక్కలలో చట్టమునకు వెఱచువారు విగ్రహముల విషయమున వెఱవకుండుట వింతయే.

నాలుగవది హీనాధికమానోన్మానము, తప్పు తూనికలు. వేయి యేండ్ల నాటి దానిని మూడువేల యేండ్లదని చెప్పుట, కన్పడిన ప్రతి రాతిని తమదేయని వాదించుట, ఇతరుల ఆలయము నొకప్పటి బసదియని ఆధారము లేకయే తగవు పెట్టుకొనుట, ఇవి చరిత్ర త్రాసులో దొంగరాళ్ళు. కొనునపుడు ఎక్కువ తూచినను, అమ్మునపుడు తక్కువ తూచినను దోషమొకటే. గొప్ప చెప్పుకొనుటకై కాలమును పెంచుటయు నట్టిదే.

అయిదవది ప్రతిరూపకవ్యవహారము, కల్తీ. ఈ దోషము ఉదారులకే హెచ్చుగా తగులును. పాత బసదిని ఉద్ధరింతుమని సున్నము కొట్టించి, శాసనముపై రంగు పూయించి, అరిగిన ముఖమును ఉలితో తిరిగి దిద్దించి, గోడపై దాతల పేర్ల పలక పెట్టించినచో మిగులునది పాతది కాదు, దాని వేషము వేసికొన్న క్రొత్తది. ఒక్క పూతతో చదువ వీలులేక పోయిన అక్షరమును ఎన్ని లక్షలు పోసినను తిరిగి తేలేరు.

అట్లయిన ముట్టుకొనక, మాటాడక, పాడుపడనిచ్చుటయే అపరిగ్రహమా? కానేకాదు. నాది కాదనుట వేఱు, నాకేమి యనుట వేఱు. మొదటిది వ్రతము, రెండవది ప్రమాదము. దానవులపాటి శిల్పములు కొన్ని చెన్నపట్టణపు మ్యూజియమునకు చేరినవి. ఊరివైపు నుండి చూచినచో ఊరు కోల్పోయినది. నది యిసుకను, దొంగను తలచినచో బింబములు దక్కినవి. రెండును సత్యమే. అనేకాంతము తెలిసినవాడు ఇందు ఒకదానిని పట్టుకొని రెండవదానిని కొట్టివేయడు. కాని ఒక భేదము గమనింపవలెను. మ్యూజియమున నున్నది అందఱి కన్నులకును అందును, ఎచట దొరికినదో వ్రాతలో నుండును. ఇంటి పూజగదిలోనికి పోయినది ఆ యింటిదై, ఒక తరము గడచినపిదప ఏ యూరిదో తెలియనిదై పోవును. చోటు పోగొట్టుకొన్న విగ్రహము చిరునామా లేని ఉత్తరము వంటిది.

కావున వేపచెట్టు క్రింద నిలిచిన యజమాని చేయదగినవి చాలగలవు. ఈర్యాసమితి మునులకు చెప్పబడినదే యైనను, శిథిలములమీద నడచుటకు అంతకంటె మంచి పాఠము లేదు. అడుగు క్రింద పురుగే గాక అక్షరము కూడ నుండవచ్చును. భాషాసమితి ననుసరించి, రైతు పూసిన పసుపును చూచి యెగతాళి చేయరాదు. తమవారు విడిచిపోయిన పిదప ఇన్నాళ్ళు ఒక పూవు పెట్టినవాడతడే. ఛాయాచిత్రము తీసి, చోటు గుర్తు వ్రాసికొని, తహశీలుదారునకును పురావస్తు శాఖకును జాబు వ్రాయవచ్చును. అనుమతి దొరికినచో కంచెకు, త్రోవకు, నీడకు ధనమీయవచ్చును. ఊరి బడిపిల్లలకు ఆ శాసనములో నేమున్నదో తెలియజెప్పు పండితుని రప్పింపవచ్చును. రైతు కూతురి పెండ్లికి సాయము చేయదలచినచో చేయవచ్చును, బింబమునకు వెలగా కాదు, పెండ్లికి కట్నముగా. అపుడా దానమునకు రసీదు అక్కఱలేదు.

పెనుగొండ వైశ్యుల శిలలయెదుట ఒక్క నిమిషము నిలిచినచో ఈ విషయము తానే బోధపడును. నిసిధి యనగా సల్లేఖన వ్రతముచే దేహమును సైతము విడిచినవారి గుర్తు. వారు జీవితమంతయు కూడబెట్టి, చివరకు లెక్క మూసి, చేతులు ఖాళీ చేసికొని పోయినవారు. అట్టివారి గుర్తుల నడుమ నిలిచి, సంచిలో నేమి వేసికొని పోవుదునాయని వెదకుట వారు నేర్పిన పాఠమునకు సరిగా వ్యతిరేకము.

ఆ కుటుంబము సాయంకాలమునకు బండియెక్కు వేళకు సంచి తేలికగనే యుండవచ్చును. వేపచెట్టు క్రింద బింబము అచటనే యుండును. వచ్చు దీపావళికి చిట్టా తెఱచినపుడు ఆ యాత్ర ఖర్చు పద్దులో చేరును, జమ పద్దులో వ్రాయుటకు వస్తువేమియు నుండదు. పిల్లలు మాత్రము ఆ యూరి పేరు మఱువక, తాము పెద్దవారైన పిదప తమ పిల్లలను వెంటబెట్టుకొని మరల అచటికే పోయి చూతురు. చూచుటకు అచట ఏదో యొకటి మిగిలియుండుటయే ఈ తరము వారికి చెల్లింపవలసిన బాకీ.