చొక్కా కింది ఆయుధం

ముప్ఫై ఏళ్ళు బ్యాంకులో గడిపినవాడికి తుపాకీ వింత వస్తువు కాదు. బళ్ళారిలోనూ, హోస్పేటలోనూ, రాయచూరులోనూ నేను పనిచేసిన పెద్ద శాఖల్లో గుమ్మం పక్కన ఒక మాజీ సైనికుడూ, ఆయన భుజాన రెండు గొట్టాల 12 బోరు తుపాకీ ఉండేవి. అది పేలిన చప్పుడు నేను ఒక్కసారీ వినలేదు. దాని పని కనిపించడం. లోపలికి వచ్చే పింఛనుదారూ, బంగారం కుదువ పెట్టే రైతూ, దురాలోచనతో వచ్చినవాడు ఉంటే వాడూ, అందరూ దాన్ని చూస్తారు. లైసెన్సు బ్యాంకు పేర ఉంటుంది, మోసేవాడెవరో ఊరంతటికీ తెలుసు. గోడకు అంటించిన నోటీసు ఎంతో ఆ తుపాకీ అంత.

నేను ఆలోచిస్తున్నది ఇంకో రకం ఆయుధం గురించి. ఒక మర్యాదస్థుడు, ఏ నేరమూ ఎరగనివాడు, ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సుతో రోజూ ఉదయం నడుముకు రివాల్వరు తగిలించుకుని, పైన చొక్కా వదులుగా వదిలి, కూరగాయల అంగడికీ గుడికీ పెళ్ళికీ వెళ్తాడు. దాన్ని ఎన్నడూ బయటికి తీయడు. అలాంటివాడు పక్కవాడికి ఏమైనా అన్యాయం చేస్తున్నాడా? చేయడం లేదనే చాలామంది అంటారు. నేను అంత తేలిగ్గా ఒప్పుకోలేకపోతున్నాను.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. మా అక్క కొడుకు ఇనుప ఖనిజం లారీలు తిప్పుతాడు. 2018లో ఒక రాత్రి సండూరు రోడ్డులో నలుగురు అతని కారు అడ్డగించి, డ్రైవర్ల బత్తాలకు తీసుకెళ్తున్న డబ్బు లాక్కున్నారు. సంచి ఇచ్చేసిన తర్వాత కూడా కర్రతో కొట్టి మణికట్టు విరగ్గొట్టారు. ఆ ‘ఇచ్చేసిన తర్వాత కూడా’ అన్న సంగతే అతన్ని ఈనాటికీ వదల్లేదు. ఏడాదిన్నర ఆఫీసుల చుట్టూ తిరిగి, పోలీసు విచారణ పూర్తయ్యాక లైసెన్సు సంపాదించాడు.

మన దేశంలో సామాన్యుడికి లైసెన్సు మీద దొరికేది ఎక్కువగా .32 బోరు రివాల్వరు. 2014లో కాన్పూరు ఆయుధ కర్మాగారం ‘నిర్భీక్’ పేరుతో అర కిలో బరువున్నది ఒకటి విడుదల చేసింది. ఢిల్లీ నిర్భయ పేరు తలచుకుని, ఆడవాళ్ళ కోసమని చెప్పి, 1,22,000 పైచిలుకు ధర పెట్టారు. మావాడు అది కాదని 700 గ్రాముల పాత రకం తీసుకున్నాడు. అతని వాదన సబబైనదే. తేలిక ఆయుధం పేలినప్పుడు చేతిని గట్టిగా తంతుంది, జేబులో పట్టే చిన్నదానితో గురి నిలవదు, గురి తప్పిన తూటా సంబంధం లేనివాడికి తగులుతుంది. మోయదలచుకుంటే నిండు సైజుదే మోయాలి. అమెరికాలో ఇదే తర్కంతో నాలుగంగుళాల గొట్టమున్న, కిలోకు దగ్గరైన ఉక్కు రివాల్వరును రోజంతా నడుముకు మోసేవాళ్ళున్నారు.

అయితే నిండు సైజుదాన్ని దాచడం ఒక వ్రతం. మావాడు చొక్కాలన్నీ ఒక సైజు పెద్దవి కుట్టించుకున్నాడు. గుర్రం జీనుకు పనికొచ్చేంత మందం బెల్టు కొన్నాడు. చొక్కా విప్పాల్సిన గుళ్ళకు పోవడం మానేశాడు. సిరిగుప్పలో పెళ్ళికి వెళ్తే పంక్తిలో కింద కూర్చోలేక, మోకాళ్ళ నొప్పులని చెప్పి ముసలివాళ్ళ బల్ల దగ్గర తిన్నాడు (నలభై రెండేళ్ళవాడు!). వెనక నుంచి ఎవరైనా చుట్టం భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి నడుం తడుముకుంటాడు. చిన్నపిల్లల్ని చంకనెత్తుకోడు.

విచిత్రమేమంటే, కప్పి ఉంచమని మన చట్టమే చెబుతుంది. 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం నలుగురు తిరిగే చోట చేతి తుపాకీని ఒరలో పెట్టి పూర్తిగా కప్పి ఉంచాలి. చూపించి బెదిరించేవాళ్ళూ, పెళ్ళి ఊరేగింపుల్లో గాలిలోకి కాల్చేవాళ్ళూ ఉన్న దేశంలో ఆ నియమం అవసరమే. కానీ చట్టం ఒప్పుకున్నంత మాత్రాన ప్రశ్న తీరిపోలేదు. నేను కామర్స్ చదివినవాణ్ణి, నాకు తెలిసిన పోలిక చెబుతాను. బ్యాంకు ఒకరి తరఫున గ్యారంటీ ఇచ్చిందనుకోండి. ఇంకా ఎవరూ డబ్బు అడగలేదు, రేపు అడగకపోవచ్చు కూడా. అందువల్ల దాన్ని అప్పుల్లో కలపరు. కానీ ఆస్తి అప్పుల పట్టీ అడుగున ఫలానా బాధ్యత రావచ్చునని రాసి తీరాలి. రాయకపోతే ఆడిటరు సంతకం పెట్టడు. వాటాదారుకు తెలిసే హక్కు ఉంది, ఎందుకంటే నష్టం వస్తే అతనిది. మావాడి చొక్కా కింద ఉన్నదీ రాగల బాధ్యతే. అది వచ్చి పడితే సిటీ బస్సులో పక్క సీటువాడి మీద పడవచ్చు. ఆ పక్క సీటువాడికి మాత్రం పట్టీ అడుగున ఏమీ రాసి ఉండదు.

రామాయణం అరణ్యకాండలో సీత రాముడికి చెప్పిన చిన్న కథ ఒకటుంది, బ్యాంకు ఉద్యోగులు తప్పక చదవదగ్గది. తపస్సు చేసుకుంటున్న ఒక ముని దగ్గరకు ఇంద్రుడు యోధుడి వేషంలో వచ్చి ఒక ఖడ్గాన్ని న్యాసంగా, అంటే మా భాషలో సేఫ్ కస్టడీలో, ఉంచి పోతాడు. ముని నిజాయితీపరుడు. పరాయి సొత్తు పోకూడదని పళ్ళకు వెళ్ళినా, దుంపలకు వెళ్ళినా కత్తి వెంటబెట్టుకుని వెళ్తాడు. మోయగా మోయగా మనసు క్రూరమై, తపస్సు చెడి, చివరికి నరకానికి పోతాడు. ఆయన స్వభావంలో దుర్మార్గం ఏదీ లేదు. ఉన్నదల్లా జాగ్రత్త. రాముడు ఆమె మాటకు కోప్పడడు, మునులు శరణు వేడారు, మాట ఇచ్చాను అని చెబుతాడు. ఆ జవాబు న్యాయమైనదే. ఆయన విల్లు అందరికీ కనబడుతోంది, ఎవరి కోసం పట్టాడో అందరికీ తెలుసు. కానీ తన కోసమే, తన జాగ్రత్త కోసమే మోసేవాడికి ఆ జవాబు పనికిరాదు. అతని ముందు సీత అభ్యంతరం అలాగే నిలిచి ఉంది.

ఈ కాలం కథ కావాలంటే న్యూయార్కులో ఉంది. 1984 డిసెంబరు 22న అక్కడి భూగర్భ రైలులో బెర్నార్డ్ గెట్జ్ అనే తెల్లవాడి దగ్గరకు నలుగురు నల్లజాతి కుర్రాళ్ళు చేరారు. ఒకడు అయిదు డాలర్లు ఇమ్మన్నాడు. గెట్జ్ దాచుకున్న .38 రివాల్వరు తీసి అయిదుసార్లు పేల్చాడు. నలుగురూ గాయపడ్డారు, ఒకడికి నడుము కింద శాశ్వతంగా చచ్చుబడింది. కుర్రాళ్ళు అడుక్కున్నారా, దోపిడీ మొదలుపెట్టారా అన్నదాని మీద జనం ఇప్పటికీ రెండుగా చీలి ఉన్నారు. గెట్జ్‌ను 1981లో నిజంగానే కొట్టి దోచారు. ఆ తర్వాత అతను లైసెన్సు అడిగితే తగినంత అవసరం చూపలేదని నిరాకరించారు. లేకుండానే మోశాడు. 1987లో జ్యూరీ హత్యాయత్నం నేరం నుంచి విడిచిపెట్టి, లైసెన్సు లేని ఆయుధానికి మాత్రం దోషి అన్నది. 1996లో సివిలు దావాలో ఇంకో జ్యూరీ ఆ కుర్రాడికి 4 కోట్ల 30 లక్షల డాలర్లు చెల్లించమన్నది. గెట్జ్ దివాలా పిటిషను వేశాడు. ఇలాంటి డిక్రీల విలువ ఎంతో బ్యాంకువాళ్ళకు చెప్పనక్కర్లేదు.

గెట్జ్‌కు లైసెన్సు నిరాకరించిన ఆ నిబంధనను, తగిన కారణం చూపాలన్న దాన్ని, 2022లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. అంటే అక్కడ తన భయానికి తానే కొలత. మన దేశంలో ఇంకా అధికారి కొలుస్తాడు. ఆ కొలతలో సిఫారసులూ ముడుపులూ ఉండవని నేను అనను. అయినా నాకు మన పద్ధతే నచ్చుతుంది. అప్పు ఎంత అవసరమో అడిగినవాడే తేల్చుకుంటే ఏ బ్యాంకూ ఏడాది నిలవదు.

మన చట్టం ఆత్మరక్షణ హక్కును ధారాళంగానే ఇచ్చింది. పాత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 సెక్షన్లు, 2024 జూలై నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44. దోపిడీని ఎదుర్కోవడంలో ప్రాణం తీసినా హక్కే. ఉత్త దొంగతనమైతే, ప్రాణానికి భయం లేకపోతే, కాదు. ఈ తేడా తేల్చడానికి న్యాయమూర్తులకు ఏళ్ళు పడుతుంది. మణికట్టు ఒకసారి విరిగినవాడు చీకట్లో రెండు సెకన్లలో తేల్చాలి.

ఇదంతా మావాడితో అన్నాను. “నీ గుమ్మం కాడ తుపాకీ పెట్టుకుని నాకు వద్దంటావేం మామా? మీ బ్యాంకు దుడ్డుకుండే విలువ నా ప్రాణానికి లేదా?” అన్నాడు. 1878లో తెల్లవాళ్ళు మన ఆయుధాలు ఊడబెరికితే గాంధీగారే దాన్ని తప్పుపట్టారని కూడా గుర్తుచేశాడు. అదీ నిజమే. ఆ రాత్రి సండూరు రోడ్డులో అతని పక్కన మేమెవరమూ లేము, పోలీసూ లేడు. అతని ప్రశ్నకు నా దగ్గర సగం జవాబే ఉంది: మా తుపాకీ గుమ్మం దాటి రాదు, ఎవరి దగ్గరా దాగదు.

నేను కోరింది ఒక్కటే. మా ఇంటికి వచ్చినప్పుడు ఉందని నాకు చెప్పి, బీరువాలో పెట్టి, తాళం చెవి తనే ఉంచుకోమన్నాను. ఇంట్లో మా అమ్మాయి పిల్లలు తిరుగుతుంటారు. “చెప్పేస్తే ఇంక దాచేదెందుకు మామా?” అన్నాడు. మేనల్లుణ్ణి గుమ్మంలో సోదా చేసినట్టుందని మా అక్కకు నా మీద కోపం. నేను మాట మార్చుకోలేదు. అతను రావడం తగ్గించాడు.

2024 లోక్‌సభ ఎన్నికల ముందు అతను రివాల్వరును పోలీసు స్టేషన్లో అప్పగించాల్సి వచ్చింది. మా బ్యాంకు తుపాకీకి మినహాయింపు ఉండింది. ఆ రెండు నెలల్లో మావాడు మా ఇంటికి నాలుగుసార్లు వచ్చాడు. పిల్లల్ని స్కూటరు మీద తిప్పాడు, కింద కూర్చుని భోంచేశాడు. లారీల పనీ, రాత్రి ప్రయాణాలూ ఎప్పటిలాగే సాగాయి. ఎట్లుంది అని అడిగాను. “మొదటి వారం వెనక్కి చూసుకుంటా ఉంటి మామా. తర్వాత మర్చిపోతి” అన్నాడు. జూన్‌లో ఎన్నికల నియమావళి ఎత్తేసిన మర్నాడే రసీదు పట్టుకుని స్టేషనుకు వెళ్ళి తెచ్చుకున్నాడు.